కుర్చీ దిగిన మర్నాడు

1977 డిసెంబరు నెలాఖరు. న్యూయార్క్ సిటీ హాల్లో పాతవాళ్లు సామాన్లు సర్దుకుంటున్నారు. మేయర్ ఏబ్రహాం బీమ్ సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయి మూడు నెలలు దాటింది. జనవరి 1న ఎడ్ కోచ్ పగ్గాలు పట్టుకుంటాడు. ఇలాంటి రోజుల్లో ఏ ఆఫీసులోనైనా ఫైళ్లు కదలవు, వచ్చేవాడు చూసుకుంటాడులే అని పక్కన పడేస్తారు. కానీ డిప్యూటీ మేయర్ స్టాన్లీ ఫ్రీడ్‌మన్ దగ్గర ఒక ఫైలు మాత్రం పరుగులు పెడుతోంది.

అది కమడోర్ హోటల్ ఫైలు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌ను ఆనుకుని 42వ వీధిలో 1919లో తెరిచిన పాత హోటల్. దాని యజమాని అయిన పెన్ సెంట్రల్ రైల్వే 1970లోనే దివాలా తీసింది. ఆ హోటల్ పాత గోడలకు అద్దాలు తొడిగి కొత్తది చేస్తానని వచ్చినవాడు డొనాల్డ్ ట్రంప్, అప్పటికి ముప్పయ్యొక్కేళ్ల కుర్ర బిల్డరు. బదులుగా అతను అడిగింది నలభై ఏళ్ల పన్ను రాయితీ. నగరమే దివాలా అంచున ఊగిసలాడుతున్న కాలం కాబట్టి, ఎవరో ఒకరు ఇటుక మీద ఇటుక పెడతామంటే చాలన్నట్టుగా 1976లో నగర ఆర్థిక నిర్ణయాలు చేసే బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ సరేనంది. ఇక మిగిలింది ఒప్పందాల మీద సంతకాలు, పర్మిట్లు. హోటల్ రెస్టారెంటు వీధి పేవ్‌మెంటు పైకి పొడుచుకొచ్చేలా కట్టుకునే ప్రత్యేక అనుమతి కూడా వాటిలో ఒకటి. కోచ్ మనుషులు గదుల్లో అడుగుపెట్టేలోగా అవన్నీ పూర్తయ్యేలా ఫ్రీడ్‌మన్ చూశాడు.

పదవి దిగాక అతను చేరింది రాయ్ కోన్ లా ఆఫీసులో. రాయ్ కోన్ ఎవరి లాయరంటే, ట్రంప్ లాయరు.

ఇందులో ఎవరి మీదా కేసు లేదు, ఎవరికీ శిక్ష పడలేదు. 'విలేజ్ వాయిస్' విలేకరి వేన్ బారెట్ ఈ లంకెలను తవ్వి రాశాడు. చదివినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, అంతే. 1980లో హోటల్ గ్రాండ్ హయత్ పేరుతో తెరుచుకుంది. ఆ రాయితీ వల్ల నగరం వదులుకున్న పన్ను 2016 నాటికి 36 కోట్ల డాలర్లని 'న్యూయార్క్ టైమ్స్' లెక్క తేల్చింది. పదవిలో ఉన్నప్పుడు నయాపైసా తీసుకోకుండా, పదవి దిగాక చట్టబద్ధంగా జీతం తీసుకునే మనిషిని ఏ నియమం పట్టుకుంటుంది? న్యూయార్క్‌లో పదవిలో ఉన్నవాళ్ల సొంత లాభానికి కళ్లెం వేసే నియమాలు పుట్టి అప్పటికే దాదాపు నూట యాభై ఏళ్లు. ఈ ప్రశ్నకు వాటిలో సరైన జవాబు లేదు.

నియమాలు అసలు లేక కాదు. 1830 నాటి నగర చార్టర్లోనే, కౌన్సిల్ సభ్యులకు కౌన్సిల్ డబ్బిచ్చే కాంట్రాక్టుల్లో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ వాటా ఉండకూడదని రాసుకున్నారు. మన మున్సిపల్ చట్టాల్లో కౌన్సిలరుకు కాంట్రాక్టులో వాటా ఉంటే పదవి పోతుందన్న సెక్షను ఉంది చూడండి, ఇంచుమించు అదే. రాసుకున్న ఇరవై రెండేళ్లకు, 1852లో కొలువుదీరిన కౌన్సిలుకు జనం పెట్టిన పేరు 'నలభై మంది దొంగలు'. ఆ నలభై మందిలో విలియం ట్వీడ్ అనే యువకుడు కూడా ఉన్నాడు. తర్వాత ఇరవై ఏళ్లలో టామనీ హాల్ అనే డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగానికి అతనే బాస్ అయ్యాడు. ఛేంబర్స్ స్ట్రీట్‌లో అతని హయాంలో కట్టిన కోర్టు భవనానికి కోటీ ముప్పై లక్షల డాలర్ల దాకా ఖర్చయింది. రెండు రోజుల గచ్చు పనికి ఒక మేస్త్రీ పేరు మీద 1,33,187 డాలర్ల బిల్లు పాసైంది. ట్వీడ్ 1878లో జైల్లోనే చనిపోయాడు. భవనం మాత్రం ఇప్పటికీ అతని పేరుతోనే నిలబడి ఉంది.

అదే కోర్టు భవనంలో, గ్రాజియానో అనే అతను బూట్లు పాలిష్ చేసే అరుగు మీద కూర్చుని, ముప్పై ఏళ్ల తర్వాత ఇంకో టామనీ నాయకుడు జార్జి వాషింగ్టన్ ప్లంకిట్ విలేకరులకు రాజకీయ పాఠాలు చెప్పేవాడు. 1905లో అవి పుస్తకంగా వచ్చాయి. ప్లంకిట్ లెక్కలో సంపాదన రెండు రకాలు. ఖజానాలో చేయి పెట్టడం దొంగతనం, అది తెలివితక్కువ పని. ఫలానా చోట పార్కు రాబోతోందని, ఫలానా చోట వంతెన కాలు మోపబోతోందని ముందే తెలుసుకుని చుట్టుపక్కల భూమి కొనిపెట్టుకోవడం మాత్రం నిజాయితీ గల సంపాదన. రింగు రోడ్డు ఎటు పోతుందో మ్యాపు రాకముందే తెలిసినవాళ్లు ఎకరాలు ఎలా కొన్నారో చూసిన తెలుగు పాఠకుడికి ఈ సిద్ధాంతం విడమరచి చెప్పనక్కర్లేదు. ఈయన 1870లో ఒకేసారి నాలుగు పదవులు వెలగబెట్టి మూడు జీతాలు తీసుకున్న ఘనుడు. అందుకే చెప్పేటప్పుడు మొహమాటం కూడా పడలేదు.

ప్లంకిట్ కన్నా మన కథకు దగ్గరి మనిషి రిచర్డ్ క్రోకర్. 1889లో నగర ఖజానాదారు పదవిలో ఏడాది కూర్చుని లేచిపోయాడు. తర్వాత ఏ పదవీ లేకుండానే పదేళ్లకు పైగా నగరాన్ని నడిపాడు. కోర్టు ఆజ్ఞ మీద అమ్మే స్థలాల వేలం వ్యాపారంలో ఆయన కంపెనీకి వాటా ఉండేది. ఆ పని ఎవరికి అప్పజెప్పాలో తేల్చే జడ్జీలు టామనీ టికెట్టు మీద గెలిచినవాళ్లు. 1899లో రాష్ట్ర శాసనసభ విచారణ సంఘం నిలదీస్తే, సొంత జేబు కోసం పనిచేస్తున్నానని ఒప్పుకోవడానికి ఆయన వెనకాడలేదు. ఒప్పుకుంటే పోయేదేముంది? ఆయన అధికారి కాదు. అధికారి కాని మనిషికి అధికారుల నియమాలు వర్తించవు. క్రోకర్ తర్వాత దర్జాగా ఇంగ్లండుకూ ఐర్లండుకూ తరలిపోయాడు. 1907లో ఆయన గుర్రం ఆర్బీ ఎప్సమ్ డెర్బీ గెలిచింది.

అక్కడే ఉంది తిరకాసు. ఈ నియమాలన్నీ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాపలా కాసేవి. న్యూయార్క్‌లో అసలు వ్యాపారం చేసింది కుర్చీ దిగినవాడు, కూర్చున్నవాణ్ణి పేరు పెట్టి పిలవగలిగినవాడు.

ఈ సంగతి వాషింగ్టన్‌కు ముందే తెలిసింది. అంతర్యుద్ధం ముగిశాక ప్రభుత్వం మీద క్లెయిములు గుట్టలుగా వచ్చిపడ్డాయి. ఆ క్లెయిములు పరిశీలించిన గుమాస్తాలే ఉద్యోగం మానేసి, మర్నాడు అవే క్లెయిముల తరఫున ఏజెంట్లుగా వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. 1872లో కాంగ్రెస్ చట్టం చేసింది: శాఖ వదిలినవాడు తాను ఉన్నప్పుడు అక్కడ పెండింగులో ఉన్న క్లెయిము మీద రెండేళ్లపాటు పనిచేయకూడదు. నగరాలు మాత్రం ఆ దారి పట్టడానికి చాలాకాలం పట్టింది. న్యూయార్క్ 1959లో బోర్డ్ ఆఫ్ ఎథిక్స్ పెట్టుకుంది. అడిగితే అభిప్రాయం చెప్పడమే దాని పని. ఒకరకంగా పల్లెటూరి రచ్చబండ మీది పెద్దమనిషి హోదా, జరిమానా వేసే అధికారం కూడా లేకుండా.

మళ్లీ ఫ్రీడ్‌మన్ దగ్గరికి వద్దాం. లా ఆఫీసులో చేరిన ఏడాదే అతను బ్రాంక్స్ డెమోక్రటిక్ పార్టీ నాయకుడయ్యాడు. నోట్లో చుట్ట, గడ్డం, చుట్టూ ఎప్పుడూ మనుషులు. బ్రాంక్స్‌లో ఎవరు జడ్జి కావాలో, ఎవరు కమిషనర్ కావాలో అతని మాట మీద నడిచేది. అదే మనిషి నగరంలో పని కావాల్సిన కంపెనీలకు లాయరు, పైరవీకారుడు. ఆ కంపెనీల్లో ఒకటి సిటీసోర్స్. ట్రాఫిక్ సిబ్బంది చేతిలో పట్టుకుని పార్కింగ్ చలాన్లు రాసే చిన్న కంప్యూటరు తయారుచేస్తామని అది ముందుకొచ్చింది. ఈ రోజు హైదరాబాద్ కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చేతిలో కనిపించే యంత్రానికి అది తాత లాంటిదనుకోవచ్చు. అప్పటికి సిటీసోర్స్ దగ్గర పనిచేసే యంత్రమే లేదు. పోటీలో మోటరోలా లాంటి పేరున్న కంపెనీ ఉంది. అయినా పార్కింగ్ వయొలేషన్స్ బ్యూరో 2 కోట్ల 27 లక్షల డాలర్ల కాంట్రాక్టును సిటీసోర్స్ చేతిలో పెట్టింది. ఫ్రీడ్‌మన్‌కు ముట్టింది ఆ కంపెనీ షేర్లు.

బ్యూరోను గుప్పిట్లో పెట్టుకున్నవాడు క్వీన్స్ బరో (నగర విభాగం) ప్రెసిడెంట్ డొనాల్డ్ మేన్స్. ఆయన ఆ పదవితో పాటు క్వీన్స్ డెమోక్రటిక్ పార్టీ నాయకత్వం కూడా మోస్తుండేవాడు. ప్రభుత్వ పదవి ఒక చేతిలో, పార్టీ పదవి ఇంకో చేతిలో. బ్యూరో డిప్యూటీ డైరెక్టర్ జెఫ్రీ లిండెనావర్ ఆయన మనిషి. కట్టని చలాన్ల డబ్బు వసూలు చేసే కాంట్రాక్టులు కావాల్సిన కంపెనీలు లిండెనావర్‌కు లంచాలిచ్చేవి, వాటిని ఇద్దరూ పంచుకునేవారు. విచిత్రమేమిటంటే తీగ దొరికింది న్యూయార్క్‌లో కాదు. షికాగోలో ఎఫ్‌బీఐ వాళ్లు ఇలాంటి చలాన్ల వసూళ్ల లంచాలనే తవ్వుతుంటే, వాళ్ల ఇన్‌ఫార్మర్ నోటి నుంచి న్యూయార్క్ పేరు బయటికొచ్చింది.

1986 జనవరిలో మేన్స్ కారులో రక్తపు మడుగులో కనిపించాడు. మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు. లిండెనావర్ నేరం ఒప్పుకుని సాక్షిగా మారాడు. ఫ్రీడ్‌మన్ విచారణ న్యూయార్క్‌లో పెడితే పత్రికల హోరులో జ్యూరీ దొరకదని కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌కు మార్చారు. ఫెడరల్ ప్రాసిక్యూటర్ రూడాల్ఫ్ జూలియానీ స్వయంగా వాదించాడు. నవంబరులో ఫ్రీడ్‌మన్ దోషిగా తేలాడు, మరుసటి ఏడాది పన్నెండేళ్ల శిక్ష పడింది. నాలుగేళ్లు జైల్లో గడిపి బయటికొచ్చి స్టాటెన్ ఐలండ్‌లో ఒక హోటల్ నడిపాడు.

కుంభకోణం వచ్చినప్పుడే సంస్కరణకు ఊపిరి వస్తుంది. మేయర్ కోచ్, గవర్నర్ మారియో కూమో కలిసి కొలంబియా యూనివర్సిటీ అధ్యక్షుడు మైకేల్ సోవర్న్ నేతృత్వంలో కమిషన్ వేశారు. 1987లో రాష్ట్రం తన ఉద్యోగుల కోసం ఎథిక్స్ చట్టం తెచ్చింది: మాజీ ఉద్యోగి పాత శాఖ ముందుకు రెండేళ్లు రాకూడదు. ఇది మా పొట్ట కొట్టడమేనని మాజీలు కోర్టుకెక్కితే, 1990లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చట్టాన్నే నిలబెట్టింది. ఈలోగా 1988 నవంబరులో న్యూయార్క్ నగర ఓటర్లు కొత్త చార్టరు నిబంధనలకు ఓటేశారు. పాత బోర్డ్ ఆఫ్ ఎథిక్స్ స్థానంలో ఐదుగురు సభ్యుల కాన్‌ఫ్లిక్ట్స్ ఆఫ్ ఇంట్రెస్ట్ బోర్డ్ వచ్చింది. ఈసారి దానికి పళ్లున్నాయి, 10,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. 2010లో ఆ పరిమితి 25,000 అయింది, తప్పు చేసి సంపాదించినది కక్కించే అధికారమూ తోడైంది.

చార్టరులోని 68వ అధ్యాయాన్ని ఓపిగ్గా చదివితే, రాసినవాళ్లు ఎవరెవర్ని కళ్ల ముందు పెట్టుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఒక వ్యవహారం నీ బల్ల మీద ఉండగా, అందులోని పార్టీతో నీ భవిష్యత్ ఉద్యోగం గురించి మాట్లాడకూడదు. ఇది చదివితే కమడోర్ ఫైలు గుర్తుకు రాక మానదు. నువ్వు స్వయంగా, చెప్పుకోదగ్గ స్థాయిలో పనిచేసిన ఫలానా కాంట్రాక్టు, ఫలానా కేసు, ఫలానా పర్మిట్ మీద అవతలి పక్షాన ఇక జన్మలో పనిచేయకూడదు, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా. ఉద్యోగంలో తెలిసిన రహస్య సమాచారం ఎప్పటికీ వాడకూడదు. ఈ ముక్క వింటే ప్లంకిట్ బూట్ పాలిష్ అరుగు దిగి పారిపోయేవాడు. మేయరూ బరో ప్రెసిడెంట్లూ డిప్యూటీ మేయర్లూ పార్టీ పదవులు పట్టుకోకూడదన్న నిబంధన మేన్స్ లాంటి జోడు గుర్రాల సవారీకి అడ్డుకట్ట.

అన్నిటికన్నా ఎక్కువమందికి తగిలేది ఏడాది నిషేధం. ఉద్యోగం మానేసిన రోజు నుంచి ఏడాదిపాటు డబ్బు కోసం పాత శాఖతో మాట్లాడకూడదు. పెద్ద పదవుల వాళ్లకైతే పాత శాఖ ఒక్కటే కాదు, తాము పనిచేసిన ప్రభుత్వ విభాగం మొత్తం మూసిన తలుపే. బిల్డింగ్స్ డిపార్టుమెంటులో ప్లాన్లు పరిశీలించే ఇంజనీరు ఒకడు మానేసి ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేరాడనుకుందాం. చేరొచ్చు, అడ్డు లేదు. కొత్త ప్రాజెక్టు ప్లాను తన బల్ల దగ్గర గీయొచ్చు. మెట్ల వెడల్పు ఎంత ఉంటే పాసవుతుందో పక్క సీటు అతనికి చెప్పొచ్చు. కానీ పాత సీట్లో కూర్చున్న స్నేహితుడికి ఫోన్ చేసి "మన ఫైలు కాస్త చూడు" అనకూడదు. ఈమెయిల్ పెట్టకూడదు. తన పేరుతో ఉత్తరం పంపకూడదు. మీటింగుకు వెళ్లి మూల కుర్చీలో కూర్చున్నా చిక్కే. అధికారి విచక్షణ అక్కర్లేని మామూలు లాంఛనాలకే మినహాయింపు.

గమనిస్తే ఇది ఉద్యోగం మీద నిషేధం కాదు, గొంతు మీద నిషేధం. ఏడాది గడిచేసరికి పాత సీట్లో మనిషి మారి ఉంటాడనీ, ఫోన్లో గొంతు గుర్తుపట్టేవాళ్లు తగ్గుతారనీ చట్టం ఆశ. న్యూయార్క్‌లో ఎక్స్‌పెడైటర్లనే వృత్తి ఒకటి ఉంది. మన ఆర్టీవో ఆఫీసు బయటి ఏజెంట్లలాగే బిల్డింగు పర్మిట్ల ఫైళ్లు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగి పని చేయించిపెట్టేవాళ్లు. వాళ్లలో మాజీ ఉద్యోగులకు ఉన్న గిరాకీ ఎందుకో వేరే చెప్పాలా?

ఈ చట్టం బరువు ఎక్కువగా పడింది చిన్నవాళ్ల మీదేనన్న ఫిర్యాదు కొట్టిపారేయదగ్గది కాదు. ఇన్‌స్పెక్టరుకు తెలిసిన ఊరు ఒక్కటే, తెలిసిన శాఖ ఒక్కటే. పెద్దవాళ్లకు ప్రపంచమంతా ఉంది. ఫ్రీడ్‌మన్‌ను జైలుకు పంపిన జూలియానీయే తర్వాత ఎనిమిదేళ్లు మేయరుగా చేసి, 2001 చివర దిగి, మరుసటి నెలలోనే జూలియానీ పార్ట్‌నర్స్ పేరుతో కన్సల్టెన్సీ పెట్టాడు. నేరాల అదుపు మీద మెక్సికో సిటీకి సలహా ఇవ్వడానికి 43 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరింది, డబ్బు పెట్టింది అక్కడి వ్యాపారవేత్తలు. ఇందులో న్యూయార్క్ నియమం ఏదీ అడ్డు రాదు, ఎందుకంటే ఆ నియమం కాపాడేది న్యూయార్క్ గుమ్మాన్నే.

ఇంకా ఇబ్బందికరమైన సంగతి వేరే ఉంది. ఏ సిటీసోర్స్ కుంభకోణం ఈ అధ్యాయాన్ని పుట్టించిందో, ఆ సిటీసోర్స్‌కు ఈ ఏడాది నిషేధం వర్తించేదే కాదు. ఫ్రీడ్‌మన్ డిప్యూటీ మేయర్ పదవి దిగి అప్పటికి ఏళ్లు గడిచాయి. అతని పలుకుబడి పాత పదవిది కాదు, పార్టీది. ఈ నియమం పట్టుకోగలిగేది కమడోర్ లాంటి వ్యవహారాన్ని. అంటే ఎవరికీ శిక్ష పడని పాత తప్పును ఆపడానికి, శిక్ష పడిన కొత్త తప్పు కారణమైంది.

మన దేశంలో ఈ ఆలోచన వేరే దారుల్లో వచ్చింది. సుప్రీంకోర్టు జడ్జిగా చేసినవారు దేశంలోని ఏ కోర్టులోనూ వాదించకూడదని రాజ్యాంగం 124వ అధికరణంలోనే రాశారు. యూపీఎస్‌సీ ఛైర్మన్ దిగిపోయాక కేంద్రంలో గానీ రాష్ట్రాల్లో గానీ ప్రభుత్వ కొలువు చేయకూడదని 319వ అధికరణం. అంటే రాజ్యాంగ కర్తల భయం కంపెనీల గురించి కాదు, ఎర వేసే ప్రభుత్వం గురించి. కేంద్ర సర్వీసుల్లో పెద్ద అధికారులు రిటైరైన ఏడాదిలోపు వ్యాపార సంస్థలో చేరాలంటే అనుమతి తీసుకోవాలి. ఒకప్పుడు ఆ గడువు రెండేళ్లు, తర్వాత ఏడాదికి కుదించారు.

న్యూయార్క్ దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచింది. ముప్పై ఏళ్ల అనుభవంలో ఏడాది చాలదని తేలింది. బడ్జెట్ చక్రం ఒకసారి తిరిగేసరికి నిషేధం ముగుస్తుంది, పాత సహచరులు చాలామంది అవే సీట్లలో ఉంటారు. 2019 నవంబరులో చార్టరు మార్పులు మళ్లీ ఓటర్ల ముందుకొచ్చాయి. ఎన్నికైన ప్రతినిధులకూ ఉన్నత పదవుల్లో నియమితులైనవాళ్లకూ ఏడాదికి బదులు రెండేళ్లు. జనం ఒప్పుకున్నారు. కింది ఉద్యోగులకు ఏడాదే ఉంచారు, పాత ఫిర్యాదు కొంతైనా చెవికెక్కినట్టుంది.

బ్యాలెట్ ప్రశ్నలో ఒక చిన్న షరతు కూడా ఉంది. కొత్త గడువు 2022 జనవరి 1 తర్వాత పదవి వదిలేవాళ్లకే వర్తిస్తుంది. మేయర్ బిల్ డిబ్లాసియో పదవీకాలం ముగిసింది 2021 డిసెంబరు 31న. ఆయనతో పాటు అదే రాత్రి దిగిపోయిన డిప్యూటీ మేయర్లు, కమిషనర్లు, గడువు తీరిన కౌన్సిల్ సభ్యులు అందరికీ పాత ఏడాది నిబంధనే మిగిలింది.